నాన్న మంచాన పడ్డారు, ఖర్చుల్లో ఇల్లు పోకుండా ఎలా కాపాడుకోవాలి? (అర్జెంట్)

శ్రీను_కాకినాడ:
రెండు రోజులుగా బ్యాంకుకీ, దస్తావేజు లేఖరి దగ్గరకీ తిరుగుతున్నాను. ఎవరూ సూటిగా చెప్పట్లేదు. రాత్రి ఒంటిగంట దాకా ఫోన్‌లో వెతికాను, బుర్ర వేడెక్కడం తప్ప ఏం లాభం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

నాన్నకి 74. పద్నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చింది, కుడి పక్క పడిపోయింది. ఆస్పత్రి బిల్లు ఎలాగో కట్టేశాం. ఇంటికి తెచ్చాక మొదలైంది అసలు ఖర్చు. అటెండెంట్‌కి నెలకి 27 వేలు, ఫిజియోకి 9 వేలు, మందులు, డైపర్లు, అన్నీ కలిపి 50 వేలు దాటుతోంది. ఎఫ్‌డీలు అయిపోయాయి. ఇల్లు తాకట్టు పెట్టి 20 లక్షలు తెద్దాం అంటున్నాడు అన్నయ్య. వాయిదాలు కట్టలేకపోతే ఇల్లు పోతుంది. 1994లో కట్టుకున్న ఇల్లు అది. శ్లాబు పోసినప్పుడు నాకు పదేళ్ళు, పొద్దున్నా సాయంత్రం బిందెలతో నీళ్ళు మోసి తడిపింది నేనే.

ఇల్లు నా పేరు మీదకి గిఫ్ట్ డీడ్ చేయించుకుంటే ఇంక ఎవరూ తాకట్టు పెట్టలేరు కదా? ఖర్చు ఎంత, ఎన్ని రోజులు పడుతుంది?

లా_పాయింట్:
ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? అమ్మగారు ఉన్నారా? పిల్లలు ఎంతమంది? ఇవి లేకుండా జవాబు లేదు.

పద్మజ_రాజమండ్రి:
శ్రీను గారూ, ఇల్లు సంగతి తర్వాత. నాన్నగారికి గాలి పరుపు వేశారా? మా అత్తగారిని ఆరేళ్ళు మంచంలో చూశాను కాబట్టి చెబుతున్నాను. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. మడమలు, నడుం కింద ఎముక, తుంటి దగ్గర చర్మం ఎర్రబడిందేమో రోజూ చూడాలి. ఎర్రదనం నొక్కితే పోకపోతే పుండు మొదలైనట్టే. ఆ పుండు పడితే డ్రెస్సింగులు, ఇన్ఫెక్షను, మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ లక్షలు. మాకు రెండో ఏడాది అదే జరిగింది. అటెండెంట్ రాత్రి నిద్రపోయేది, మేము నమ్మి ఊరుకున్నాం. ఇప్పటికీ ఆ బాధ నన్ను వదల్లేదు. ఇల్లు కాపాడుకోవాలంటే ముందు వీపు కాపాడండి.

సుబ్బారావు_రిటైర్డ్:
నేను రిజిస్ట్రేషన్ శాఖలో 31 ఏళ్ళు పనిచేశాను. పిల్లలు కంగారుగా వచ్చి తల్లిదండ్రుల ఇల్లు రాయించుకుని వెళ్ళడం ఎన్నోసార్లు నా కళ్ళతో చూశాను. అందులో సగం మంది తల్లిదండ్రులు తర్వాత ఏడుస్తూ మా ఆఫీసుకే వచ్చేవాళ్ళు, రద్దు చేయండి బాబూ అని. అప్పుడు మా చేతిలో ఏమీ ఉండేది కాదు. గిఫ్ట్ ఒకసారి రిజిస్టర్ అయి అవతలివాళ్ళు పుచ్చుకున్నాక, మనసు మారిందని వెనక్కి తీసుకోవడం కుదరదు. వీలునామా అయితే బతికున్నన్నాళ్ళూ మార్చుకోవచ్చు.

అందుకే 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం తెచ్చారు. అందులో 23వ సెక్షన్ చదవండి. చూసుకుంటామనే షరతు మీద ఆస్తి రాయించుకుని, తర్వాత చూడకపోతే, ఆ దస్తావేజు మోసంతో చేయించినట్టే లెక్క. రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్‌కి వెళ్ళచ్చు. ఆ షరతు ఉన్నట్టు తేలితేనే రద్దు అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన ఒక తల్లి కేసులో మాత్రం, ఈ చట్టాన్ని పెద్దవాళ్ళకి మేలు జరిగేలా విశాలంగా చదవాలని చెప్పి, కొడుక్కి ఇచ్చిన గిఫ్ట్ రద్దు చేసి ఇల్లు ఆవిడకి తిరిగి ఇప్పించింది. ఏం రాయించుకున్నా, తల్లిదండ్రుల పోషణ, వైద్యం, ఆ ఇంట్లోనే జీవితాంతం ఉండే హక్కు అందులో స్పష్టంగా రాయించాలి. లేకపోతే రాయించుకోవద్దు.

శ్రీను_కాకినాడ:
సార్, నేను వాళ్ళని వదిలేసే రకం కాదు. ఇల్లు కాపాడదామనే అడుగుతున్నాను. ఇల్లు నాన్న పేరు మీదే. స్థలం తాతగారిది. అమ్మ ఉంది, 68. అన్నయ్య, నేను ఇద్దరమే. నేను హైదరాబాదులో ఉంటాను. గిఫ్ట్ డీడ్ ఖర్చు ఎవరూ చెప్పలేదు.

బ్యాంకు_మిత్ర:
60 దాటిన వాళ్ళకి రివర్స్ మార్ట్‌గేజ్ అని ఒకటుంది. 2007లో నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాలిచ్చింది. సొంత ఇల్లు చూపిస్తే బ్యాంకే నెలనెలా డబ్బు ఇస్తుంది, మీరు వాయిదాలు కట్టక్కర్లేదు. భార్యాభర్తలిద్దరూ ఉన్నన్నాళ్ళు ఇంట్లోంచి కదిలించరు. తర్వాత వారసులు అప్పు, వడ్డీ కట్టేసి ఇల్లు ఉంచుకోవచ్చు, లేదా బ్యాంకు అమ్ముకుని మిగిలింది మీకిస్తుంది. వచ్చే డబ్బుకి ఇన్‌కమ్ టాక్స్ లేదు. కాకపోతే బ్రాంచిలో అడిగితే చాలామందికి తెలియదు. ఇల్లు స్వార్జితం (సొంత సంపాదన) అయి ఉండాలి, అందులో వాళ్ళే నివసించాలి, టైటిల్ క్లియర్‌గా ఉండాలి.

లా_పాయింట్:
స్థలం తాతగారిది అన్నారు. అంటే పిత్రార్జితం, తాతముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి. రివర్స్ మార్ట్‌గేజ్ రాదు, గిఫ్టూ మొత్తం ఇవ్వలేరు.

సుబ్బారావు_రిటైర్డ్:
తొందరపడి పిత్రార్జితం అనేయకండి. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం కాదు, ఇది మనవాళ్ళందరూ చేసే పొరపాటు. తాతగారు తన సొంత సంపాదనతో కొని, వీలునామా రాయకుండా, 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చాక పోతే, కొడుక్కి వచ్చిన వాటా కొడుకు సొంతమే. సుప్రీంకోర్టు 1986లోనే చెప్పింది. తాతగారికి వాళ్ళ నాన్న నుంచి ఉమ్మడి ఆస్తిగా వచ్చి ఉంటే సంగతి వేరు. పాత దస్తావేజులు, ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) చూడకుండా చెప్పలేం. పైగా మన దగ్గర కుటుంబంలో రాసేదాన్ని దాన సెటిల్మెంట్ అంటాం, గిఫ్ట్ డీడ్ అని రాయించుకోవడం...

లా_పాయింట్:
రెండూ ఒకటే సార్. పేరులో ఏముంది.

సుబ్బారావు_రిటైర్డ్:
ఒకటి కాదు. స్టాంపు చట్టంలో రెండింటికీ వేర్వేరు పద్దులున్నాయి. పేరు తప్పు రాస్తే డ్యూటీ తేడా వచ్చి దస్తావేజు పెండింగులో పడేస్తారు, నేనే పడేశాను. శ్రీను గారూ, మీరడిగిన ఖర్చు సంగతి: కుటుంబసభ్యులకి రాస్తే అమ్మకం కంటే తక్కువే అవుతుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మార్కెట్ విలువ వేయించుకుంటే లెక్క వాళ్ళే చెబుతారు. నాన్నగారు మాట్లాడగలుగుతున్నారా?

శ్రీను_కాకినాడ:
తాతగారు 1988లో పోయారు. విల్లు లేదు. 1990లో నాన్న, బాబాయి పంచుకున్నారు. తాతగారికి ఎలా వచ్చిందో తెలియదు.

నాన్నకి మాట రాదు. నన్ను చూస్తే కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటారు. ఎడం చెయ్యి బాగానే కదులుతుంది. లేఖరి అయితే వేలిముద్ర చాలు, నేను చూసుకుంటా అన్నాడు. అక్క అన్నం కలిపి పెడితేనే తింటారు, అటెండెంట్ పెడితే నోరు తెరవరు.

పద్మజ_రాజమండ్రి:
అక్కా? ఇందాక ఇద్దరమే అన్నారు కదండీ?

శ్రీను_కాకినాడ:
అక్కకి 2001లో పెళ్ళయిపోయింది. కట్నం, బంగారం అన్నీ ఇచ్చాం. అదే వీధిలో ఉంటుంది. ఆస్తి విషయంలో అక్క లెక్కలోకి రాదు కదా అని రాయలేదు.

పద్మజ_రాజమండ్రి:
ఎందుకు రాదండీ? పద్నాలుగు నెలలుగా మీ నాన్నగారికి అన్నం పెడుతున్న మనిషిని లెక్కలోంచి తీసేశారు. నాకు చాలా బాధగా ఉంది. అత్తగారిని ఆరేళ్ళు చూసింది నేను. ఇల్లు పంచుకునేటప్పుడు నన్ను వంటింట్లో కాఫీ పెట్టమన్నారు.

లా_పాయింట్:
మేడమ్ చెప్పింది చట్టప్రకారం కూడా కరెక్టే. ఉమ్మడి ఆస్తి అయితే మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్ళికాని ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కు ఉంది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో దేశమంతా పెళ్ళయినవాళ్ళకీ వచ్చింది. నాన్నగారి స్వార్జితమే అయి, ఏమీ రాయకుండా పోతే అమ్మ, అన్న, అక్క, మీరు నాలుగు సమాన వాటాలు. కట్నం ఇస్తే వాటా పోదు.

సుబ్బారావు_రిటైర్డ్:
ఇప్పుడు వేలిముద్ర విషయం. ఇది జాగ్రత్తగా వినండి. మాట పోవడం వేరు, తెలివి పోవడం వేరు. పక్షవాతంలో కొంతమందికి మాట మాత్రమే పోతుంది, అంతా అర్థమవుతుంది. నాన్నగారికి అర్థమవుతుంటే, న్యూరాలజిస్టు చేత పరీక్ష చేయించి సర్టిఫికెట్ తీసుకుని దరఖాస్తు పెడితే సబ్ రిజిస్ట్రారు ఇంటికే వస్తారు. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ వీలుంది. వచ్చినప్పుడు నాన్నగారిని నేరుగా అడుగుతారు, తల ఊపి అయినా ఆయన తన ఇష్టం చెప్పాలి. అర్థం కాని స్థితిలో ఉంటే మాత్రం వేలు పట్టుకుని ముద్ర వేయించడం తప్పు. కోర్టులో నిలబడదు, ఆ మచ్చ మీ మీద జీవితాంతం ఉంటుంది. ఆ లేఖరి దగ్గరకి మళ్ళీ వెళ్ళకండి.

జీపీఏ (తన తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే పత్రం) చేయించుకుందాం అని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఇచ్చిన మనిషికి మతి పోతే జీపీఏ చెల్లదు. అప్పుడు హైకోర్టుకి వెళ్ళి సంరక్షకుడిగా నియమించమని అడగడమే దారి.

బ్యాంకు_మిత్ర:
ఇది మొదటే చెప్పాల్సింది, చెప్పనందుకు క్షమించండి. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉన్నప్పుడు ఆయన వచ్చి సంతకం పెట్టకుండా ఏ బ్యాంకూ తాకట్టు తీసుకోదు. మీ అన్నయ్య ఒక్కడూ పెట్టలేడు. మీరు భయపడుతున్నది రేపే జరిగేది కాదు. నా రివర్స్ మార్ట్‌గేజ్‌కీ అదే అడ్డం, నాన్నగారు అర్థం చేసుకుని ఒప్పుకోవాలి.

శ్రీను_కాకినాడ:
ఇది నిజంగా తెలియదు సార్. రెండు రోజులుగా నిద్ర లేదు. అయితే నెలకి 50 వేలు ఎక్కడి నుంచి తేవాలి? ఆరోగ్యశ్రీ, 70 దాటినవాళ్ళకిచ్చే ఆయుష్మాన్ కార్డు ఏమన్నా ఇస్తాయా?

పద్మజ_రాజమండ్రి:
అవన్నీ ఆస్పత్రిలో చేరితేనే, ఇంట్లో మనిషిని పెట్టుకుంటే రూపాయి రాదు. కానీ రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పింఛన్లలో పక్షవాతంతో మంచానికే పరిమితమైన వాళ్ళకి నెలకి 15 వేలు ఉంది, 2024 జులై నుంచి. డాక్టర్లు ఇంటికొచ్చి చూస్తారు. రేషన్ కార్డులో ఎవరెవరున్నారో, ఆదాయం, కారు, కరెంటు యూనిట్లు అన్నీ చూస్తారు, ప్రభుత్వ పింఛను వస్తుంటే ఇవ్వరు. మీ పేరు ఇంకా ఆ కార్డులోనే ఉంటే కష్టం. వార్డు సచివాలయంలో అడగండి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ ఎలాగూ తీసుకోండి. పాత పద్ధతిలో టాక్స్ కడుతుంటే తీవ్ర వైకల్యం ఉన్న తండ్రిని పోషిస్తున్నందుకు 1,25,000 మినహాయింపు వస్తుంది.

ఇంకోటి అడగనా? ఇంట్లో ఎన్ని పోర్షన్లున్నాయి?

శ్రీను_కాకినాడ:
కింద రెండు గదులు, మేడ మీద రెండు గదులు, వంటిల్లు. మేడ ఖాళీగానే ఉంది. సంక్రాంతికి మేము వస్తామని అమ్మ అలాగే ఉంచింది.

పద్మజ_రాజమండ్రి:
ఏడాదికి నాలుగు రోజుల కోసమా శ్రీను గారూ! అద్దెకివ్వండి. అటెండెంట్ జీతంలో కొంతైనా అందులోంచి వస్తుంది. పండక్కి మీరు కింద చాప వేసుకుని పడుకోండి. ముగ్గురు పిల్లలూ కూర్చుని మిగతాది పంచుకోండి. అక్క చేసే పనికి కూడా లెక్క కట్టండి, తను డబ్బు వేయక్కర్లేదు.

లా_పాయింట్:
1990 పంపకాల దస్తావేజు నకలు తీయండి. అది చూడకుండా ఏ నిర్ణయమూ వద్దు.

సుబ్బారావు_రిటైర్డ్:
నాన్నగారికి అర్థమవుతుందని డాక్టరు చెబితే, ఆయన ఇష్టం అడిగి అమ్మగారికి జీవితకాలం అనుభవించే హక్కు పెట్టి రాయించండి. అమ్మగారు ఆ ఇంట్లో ఉన్నంతకాలం ఎవరూ కదిలించలేరు. మీ పేరు ఆ తర్వాత సంగతి.

శ్రీను_కాకినాడ:
శనివారం వెళ్తున్నాను. అక్కకి ఫోన్ చేశాను. మేడ తాళం తన దగ్గరే ఉందట, నెలకోసారి ఊడ్చి వస్తోందట, నాకు తెలియదు. అన్నయ్యతో ఇంకా మాట్లాడలేదు. థాంక్స్ అండీ అందరికీ.

వరంగల్_రమేష్:
మాదీ ఇదే సమస్య, మా అమ్మకి మతిమరుపు. ఇల్లు అమ్మ పేరు మీద ఉంది. తెలంగాణలో కూడా ఆ 15 వేల పింఛను ఉందా? ఎవరైనా చెప్పగలరా?

వరంగల్_రమేష్:
ఎవరైనా ఉన్నారా అండీ?