హుద్‌హుద్‌లో తడిసిన మా బ్యాండ్ క్యాసెట్: కంప్యూటర్‌లోకి ఎక్కించేదెలా?

బేస్‌గిటార్_ఎంవీపీ:
1999లో విశాఖ పెదవాల్తేరులో ఒక మేడమీద గదిలో నలుగురం కలిసి ఏడు తెలుగు రాక్ పాటలు రికార్డు చేశాం. అప్పటిదాకా ఇంగ్లిష్ పాటలే వాయించేవాళ్లం, ఇవి మాత్రం సొంతంగా కట్టుకున్నవి. రెండు మైకులు, చిన్న మిక్సర్, అంతే. ఖాళీ సి-60 క్యాసెట్లు కొని, రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ ప్లేయర్‌లో ఒక్కొక్కటీ కాపీ చేసి నలభై పంచాం. కవర్లు జిరాక్స్.

ఇప్పటికి రెండే దొరికాయి. మొదటిది ఒక షాపులో ఇస్తే వాళ్ల మెషీన్ టేపును నమిలేసింది. రెండోది మా డ్రమ్మర్ వాళ్లమ్మగారి బీరువాలో ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపానుకి కిటికీ ఊడిపోయి ఆ బీరువా తడిసింది. రీలు అంచున తెల్లగా బూజు కనిపిస్తోంది. మా డ్రమ్మర్ ఇప్పుడు లేడు. వాడి వాయింపు ఒక్కసారి వినిపించమని ఆవిడ అడుగుతున్నారు. చెయ్యి వేయాలంటేనే టెన్షన్‌గా ఉంది.

పాతడెక్:
అన్నా, దాన్ని ఇప్పుడే డెక్‌లో పెట్టొద్దు. బూజు డెక్‌లో టేపును చదివే హెడ్‌కి అంటుకుంటే తర్వాత పెట్టే క్యాసెట్లకీ పాకుతుంది. ముందు సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టి కొన్నాళ్లు ఆరనివ్వండి. మన సముద్రపు గాలికి బయట పెడితే ఆరదు. తర్వాత మాస్కు కట్టుకుని, ఆరుబయట, పెన్సిల్‌తో మెల్లగా తిప్పుతూ మెత్తటి పొడిబట్టతో తుడవాలి. స్పిరిట్ హెడ్‌కే, టేపుకి తగలనివ్వొద్దు.

క్యాసెట్ డబ్బా అతికించేసింది కాకుండా ఐదు స్క్రూలతో ఉంటే మీ అదృష్టం. విప్పి, రీళ్లు రెండూ మంచి డబ్బాలోకి మార్చేయండి. హెడ్‌కి టేపును అదిమే చిన్న స్పాంజి ముక్క పాతదాంట్లో ఊడిపోయి ఉంటుంది, అది లేకపోతే శబ్దం వచ్చీరానట్టు ఉంటుంది. ముందుగా పోయినా బాధలేని క్యాసెట్ ఒకటి పూర్తిగా ఆడించి చూడండి. డెక్‌లో రబ్బరు బెల్టు కరిగి జిగురైందంటే మీ టేపుకీ మొదటిదాని గతే.

గాజువాక_స్పీకర్లు:
చవక యూఎస్‌బీ ప్లేయర్లు వద్దు, వాటిలో స్పీడు ఊగుతుంది. మంచి డెక్ లైన్ అవుట్ (శబ్దం బయటికిచ్చే సాకెట్) నుంచి, దాన్ని కంప్యూటర్‌కి అందించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అక్కణ్ణుంచి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైల్. లెవెల్ ఎంత పైకి లేచినా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. హెడ్ పక్కనుండే చిన్న స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ డ్రమ్స్ సింబల్స్ మోత ఎక్కడ తేటగా వినిపిస్తుందో అక్కడ ఆపాలి. ఈ పని చేయకే చాలామంది పాత క్యాసెట్ అంటే బొంగురుగానే ఉంటుందనుకుంటారు.

హిస్ (టేపు వెనకాల వినిపించే బుస శబ్దం) తీసేసే పని కాపీ మీద చేయండి, అసలు ఫైల్ జోలికి వెళ్లొద్దు. పాటల మధ్య ఖాళీలు కూడా కత్తిరించకండి. జిరాక్స్ కవర్ని 600 డీపీఐలో స్కాన్ చేసి పక్కనే పెట్టండి. ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో పెట్టేముందు మిగతా ఇద్దర్నీ, ఆ అమ్మగారినీ అడగండి, పాటల మీద వాళ్లకీ హక్కుంది.

బేస్‌గిటార్_ఎంవీపీ:
మూడు వారాలు పట్టింది. ఐదు స్క్రూలే ఉన్నాయి! బీ సైడు చివర్లో రెండు చోట్ల శబ్దం పడిపోయింది, మిగతాదంతా వచ్చింది.

నిన్న ల్యాప్‌టాప్ పట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. మూడో పాటకి ముందు ఖాళీలో వాడి గొంతుంది: "ఒరేయ్, ఫ్యాన్ ఆపండ్రా, మైకులో పడుతోంది." స్విచ్ టక్కుమంటుంది, ఫ్యాన్ హోరు నెమ్మదిస్తుంది, డ్రమ్ పుల్లలు నాలుగుసార్లు కొట్టుకుంటాయి. పాట మొదలవగానే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపించారు. ఆ ఫ్యాన్ దగ్గర్నుంచి మళ్లీ పెట్టమన్నారు.