వాణిజ్య ద్వారాలు తెరిస్తే దేశానికి రిస్క్ తగ్గుతుందా, పెరుగుతుందా?

మూడో బెంచీ:
ఎమ్మే ఎకనామిక్స్ మొదటి ఏడాది. ఈ వారం ఇద్దరు లెక్చరర్లు ఒకే గుణకారం చేసి, ఒకరికొకరు పొసగని రెండు సమాధానాలు తేల్చారు. నా తల తిరుగుతోంది.

వాణిజ్యం క్లాసులో: ఒక దేశంలో పంట పోయే సంభావ్యత 10% అనుకోండి. సొంత పంట మీదే ఆధారపడితే సగటున పదేళ్లకోసారి గడ్డుకాలం. ఐదు దేశాల నుంచి కొనుక్కునే వీలుంటే, ఐదింటిలోనూ ఒకేసారి పంట పోయే సంభావ్యత 0.1ని ఐదుసార్లు గుణించినంత, అంటే లక్షలో ఒకటి. కాబట్టి వాణిజ్యం ఒక బీమా.

సంభావ్యత క్లాసులో: ఒక యంత్రానికి 100 విడిభాగాలు కావాలి. ఒక్కొక్కటి వేళకు అందే సంభావ్యత 99%. అన్నీ వేళకు అందాలంటే 0.99ని వందసార్లు గుణించాలి. వచ్చేది 0.366. అంటే మూడింట రెండుసార్లు పని ఆగిపోతుంది. సరిహద్దులు దాటే సరఫరా గొలుసు అంత బలహీనం అన్నారు.

రెండూ ఒప్పేనా? అయితే పరీక్షలో ఏం రాయాలి? "సందర్భాన్ని బట్టి" అని మాత్రం చెప్పకండి, దానికి మార్కులు పడవు.

పాత ఫిజిక్సు:
తమ్ముడూ, పదో తరగతి విద్యుత్తు పాఠం గుర్తు తెచ్చుకో. మొదటిది సమాంతర సంధానం: ఒక బల్బు పోయినా మిగతావి వెలుగుతాయి. రెండోది శ్రేణి సంధానం: ఒక్కటి పోతే అన్నీ ఆరిపోతాయి. ఒకే సరుకుని పలుచోట్ల నుంచి కొనడం సమాంతరం. రకరకాల సరుకులన్నీ చేరితే తప్ప పని జరగకపోవడం శ్రేణి. మీ లెక్చరర్లిద్దరూ వాణిజ్యం గురించి కాదు, సర్క్యూట్ల గురించి మాట్లాడారు.

సుంకాల సుబ్బారావు:
పోలిక బాగుంది. కానీ గత ముప్ఫై నలభై ఏళ్లలో వాణిజ్యం నడిచిన దారి ఏది? పూర్తయిన వస్తువు ఓడ దిగే రోజులు పోయాయి. ఇప్పుడు సగం చేసిన వస్తువు నాలుగు దేశాలు తిరిగి ఇల్లు చేరుతుంది. అంటే శ్రేణే. 2021 మార్చి 23న ఎవర్ గివెన్ అనే ఒక్క ఓడ సూయజ్ కాలువకి అడ్డం తిరిగి ఆరు రోజులు కూర్చుంటే, ప్రపంచ వాణిజ్యంలో సుమారు 12% నడిచే దారి మూతపడింది. అదే 2011లో థాయిలాండ్‌లో వరదలొస్తే ప్రపంచమంతటా హార్డ్ డిస్కుల ధరలు ఎగబాకాయి. ఎక్కడి వాన, ఎక్కడి కంప్యూటర్! సుంకాలు వేసి ఇంట్లోనే తయారుచేసుకునే దేశానికి ఈ బెడద ఉండదు.

దశాంశ బిందువు:
సుబ్బారావు గారూ, ఇక్కడే పప్పులో కాలేశారు. ఆ 0.366 లెక్క మళ్లీ చూడండి. అందులో సరిహద్దు ఎక్కడుంది? ఆ వంద భాగాలూ దేశంలోనే తయారైనా, ఒక్కొక్కటి 99% వేళకు వస్తే జవాబు అదే 0.366. శ్రేణిని తెచ్చింది దిగుమతి కాదు, యంత్రానికి వంద భాగాలు ఉండటం. స్వదేశీ భాగాలు 99.9% వేళకు వస్తాయని చూపించగలిగితే అప్పుడు మీ వాదనకు బలం ఉంటుంది. చూపించలేదు.

ఇప్పుడు ప్రతి భాగానికీ రెండో సరఫరాదారుని పెట్టండి, అది ఏ దేశమైనా సరే. ఇద్దరూ స్వతంత్రంగా విఫలమైతే ఒక భాగం అందకపోయే సంభావ్యత 0.01 × 0.01, అంటే పదివేలలో ఒకటి. 0.9999ని వందసార్లు గుణిస్తే 0.99. ముప్ఫై ఏడు శాతం నుంచి తొంభై తొమ్మిదికి! ఆ రెండోవాణ్ని తెచ్చుకోవడానికి వీలిచ్చేదే వాణిజ్యం.

ఇంట్లో తయారుచేసుకుంటే బెడద లేదన్నారు కదా. అమెరికాలో పసిపిల్లల పాలపొడి దాదాపు అంతా అక్కడే తయారయ్యేది, దిగుమతుల మీద సుంకాలూ నిబంధనలూ గట్టిగానే ఉండేవి. 2022 ఫిబ్రవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఒక్క ఫ్యాక్టరీ మూతపడింది. కొన్ని నెలలకి ప్రభుత్వమే విమానాల్లో విదేశీ పాలపొడి తెప్పించుకోవాల్సి వచ్చింది.

సుంకాల సుబ్బారావు:
సరిహద్దు మాట ఒప్పుకుంటా. కానీ మీరు "స్వతంత్రంగా" అనే పదాన్ని చాలా తేలిగ్గా వాడేశారు. మొత్తం లెక్క దాని మీదే నిలబడి ఉంది.

2011 మార్చిలో జపాన్ భూకంపం తర్వాత కార్ల కంపెనీలకి తెలిసొచ్చిన సంగతి ఇది. ఇద్దరు ముగ్గురు సరఫరాదారుల్ని పెట్టుకున్నామని వాళ్లు ధీమాగా ఉన్నారు. తీరా చూస్తే కింది అంచెల్లో అందరూ ఒకే ఫ్యాక్టరీ దగ్గర కొంటున్నారు. కారు రంగుకి మెరుపునిచ్చే ఒక పొడి అప్పట్లో ఒనహామా అనే ఊళ్లోని ఒక్క కర్మాగారంలోనే తయారయ్యేది. అది ఆగితే సముద్రాల అవతలి కంపెనీలు కూడా కొన్ని రంగుల కార్లకి ఆర్డర్లు తీసుకోవడం మానేశాయి.

మీ లెక్కలోనే చిన్న మార్పు చేస్తా. మొదటివాడు విఫలమయ్యే సంభావ్యత 1%. వాడు విఫలమైనప్పుడు రెండోవాడు కూడా విఫలమయ్యే నియత సంభావ్యత 1% కాదు, 40% అనుకోండి. ఇద్దరూ చెయ్యివ్వడం వెయ్యిలో నాలుగు సార్లు. 0.996ని వందసార్లు గుణిస్తే 0.67. మీ తొంభై తొమ్మిది ఎక్కడికి పోయింది?

మూడో బెంచీ:
అయ్యో, ఇప్పుడు ఒకే ప్రశ్నకి మూడు జవాబులు. 37, 67, 99.

దశాంశ బిందువు:
67 అయినా 37 కన్నా మెరుగే కదా. నా పక్షాన్ని ఇంకా వదల్లేదు.

గణితం మాస్టారు:
సుబ్బారావు పట్టుకున్న దారం అసలైనది. దాన్ని సూత్రంలో పెడదాం. ఎన్ని దేశాల నుంచి కొంటున్నామో ఆ సంఖ్య n. ఒక్కొక్క దేశపు సరఫరాకి ప్రామాణిక విచలనం (సగటు నుంచి ఎంత అటూఇటూ ఊగుతుందో చెప్పే కొలత) 10. ఏ రెండు దేశాల మధ్య చూసినా సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి కదులుతాయో −1 నుంచి +1 దాకా చెప్పే అంకె) 0.3. అన్నింటి దగ్గరా సమానంగా కొంటే, సగటు సరఫరా విస్తృతి (అంటే విచలనపు వర్గం) = 100 × [1/n + (1 − 1/n) × 0.3].

ఒక దేశమైతే విచలనం 10. ఐదైతే 6.6. ఇరవై అయితే 5.8. లెక్కలేనన్ని దేశాలైనా 5.5 దగ్గర ఆగిపోతుంది, అంతకు దిగదు. మొదటి నాలుగైదు దేశాలు పెద్ద మేలు చేస్తాయి, ఆ తర్వాత వచ్చేవి నామమాత్రమే. పాఠ్యపుస్తకాల్లో సహసంబంధం సున్నా అని రాసుకుంటారు కాబట్టి ఆ అడుగుభాగం కనపడదు.

ఇంకో ఇబ్బంది ఉంది. ఈ సహసంబంధం స్థిరాంకం కాదు. మామూలు రోజుల్లో తక్కువ, ఆపద వచ్చిన రోజు ఎక్కువ. 2020లో మహమ్మారి మొదలవగానే మాస్కులూ వైద్య సామగ్రీ ఎగుమతి కాకుండా ఆంక్షలు పెట్టిన దేశాలూ, విడిగా సుంకాలు వేసుకునే ప్రాంతాలూ కలిపి 80 అని ఆ ఏప్రిల్‌లో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) లెక్కగట్టింది. వైరస్ వల్ల కొంత, భయంతో ప్రభుత్వాలు తీసుకున్న నిర్ణయాల వల్ల కొంత సహసంబంధం పెరిగింది. పిడుగుకి పక్క ఊరి పిడుగుతో సంబంధం ఉండకపోవచ్చు, మంత్రివర్గానికి పక్క దేశపు మంత్రివర్గంతో ఉంటుంది.

నాగలి:
ఇంతసేపూ అందరూ "దేశానికి రిస్క్" అంటున్నారు. దేశం అంటే ఎవరు? కొనేవాడా, పండించేవాడా? 1984లో న్యూబెరీ, స్టిగ్లిట్జ్ అనే ఆర్థికవేత్తలు వేసిన లెక్క ఒకటుంది. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. దాన్ని నా అంకెలతో చెప్తాను.

రెండు ప్రాంతాలు. ఒకచోట పంట 100 బస్తాలైతే రెండోచోట 50. మరుసటి ఏడు తారుమారు. ఒక్కో ప్రాంతపు జనం ఆ పంట మీద ఖర్చుపెట్టేది ఎప్పుడూ 1,000 యూనిట్లే, అంటే డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే కొనేది ఎంత మారుతుందో చెప్పే అంకె) 1. వాణిజ్యం లేనప్పుడు 100 బస్తాలు పండితే ధర 10, 50 పండితే ధర 20. ఎలాగైనా రైతు చేతికి వచ్చేది 1,000. పంట తగ్గితే ధర పెరిగి ఆదుకుంటుంది. అది ఎవరూ ప్రీమియం కట్టని బీమా.

ఇప్పుడు సరిహద్దు తెరవండి. మొత్తం పంట ఎప్పుడూ 150, మొత్తం ఖర్చు 2,000, కాబట్టి ధర కదలకుండా 13.33. కొనేవాళ్లకి పండగే: ఒక ఏడు 100, ఒక ఏడు 50 తినేవాళ్లు ఇప్పుడు ఏటా 75 తింటారు. రైతు సంగతి? మంచి ఏడు 1,333, చెడ్డ ఏడు 667. సగటు అదే 1,000. కానీ నిన్నటిదాకా విచలనం సున్నా, ఇవాళ 333. వినియోగదారు నెత్తిన ఉన్న రిస్క్ రైతు నెత్తికి మారింది.

న్యూబెరీ, స్టిగ్లిట్జ్ అక్కడ ఆగలేదు. భయపడిన రైతులు ఆ పంట తగ్గించి, రాబడి తక్కువైనా భద్రమైన పంటకి మళ్లితే ధర పెరుగుతుంది. చివరికి వినియోగదారు కూడా నష్టపోయే పరిస్థితి రావచ్చని చూపించారు. రైతుకి బీమా కొనుక్కునే మార్కెట్ లేనప్పుడే సుమా. ఆ షరతు మర్చిపోయి దీన్ని ప్రతి సుంకానికీ సాకుగా వాడేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

సుంకాల సుబ్బారావు:
నన్ను చూసే అన్నారని అర్థమైంది.

దశాంశ బిందువు:
నాగలి గారి ఉదాహరణ నేను కాదనలేను. కానీ బొమ్మ లెక్కలు వదిలి అసలు అంకెల దగ్గరికి వద్దాం. 2009లో డి జొవానీ, లెవ్చెంకో అనే ఆర్థికవేత్తలు పరిశ్రమలవారీగా చూసి, వాణిజ్యానికి తెరుచుకున్న రంగాల్లో ఒడుదుడుకులు ఎక్కువనీ, ప్రత్యేకీకరణ (దేశం కొన్ని రంగాల మీదే ఆధారపడటం) కూడా అందుకు తోడవుతుందనీ అన్నారు. అది సుబ్బారావు గారి పక్షం. 2020లో కసెల్లి, కోరెన్, లిజిస్కీ, టెన్రేరో ఇంకోలా చూశారు. కుదుపు ఒక పరిశ్రమదైతే ప్రత్యేకీకరణ దెబ్బ తీస్తుంది. దేశం మొత్తానిదైతే మాత్రం బయట కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ ఉండటమే కాపాడుతుంది. చాలా దేశాల్లో ఈ రెండోదే పైచేయి అని వాళ్ల నమూనా చెప్పింది.

నాగలి:
నిజమే. ఇంకోటి కూడా చదవండి: 1998లో ఆర్థికవేత్త డానీ రోడ్రిక్, వాణిజ్యానికి ఎక్కువగా తెరుచుకున్న దేశాల్లో ప్రభుత్వ వ్యయం కూడా ఎక్కువని చూపించాడు. బయటి కుదుపుల నుంచి జనాన్ని కాయడానికే ఆ ఖర్చని ఆయన వివరణ. వాణిజ్యం తానే బీమా అయితే ఈ రెండో బీమా ఎందుకు?

మూడో బెంచీ:
నాగలి గారూ, రాత్రి మీ లెక్క కాగితం మీద వేసి చూశాను. మీ రెండు ప్రాంతాల పంటల సహసంబంధం −1. దాన్ని సున్నా చేస్తే? అంటే 100, 50 రెండుచోట్లా నాణెం ఎగరేసినట్టు విడివిడిగా వస్తాయి. నాలుగు సందర్భాలు, ఒక్కొక్కటి పావు వంతు. రెండుచోట్లా 100 అయితే ధర 10, రైతుకి 1,000. రెండుచోట్లా 50 అయితే ధర 20, మళ్లీ 1,000. ఒకచోట 100, ఒకచోట 50 అయితేనే 1,333, 667. రైతు విచలనం 333 నుంచి 236కి తగ్గింది. వినియోగదారు విచలనం మాత్రం సున్నా నుంచి 17.7కి పెరిగింది. వాణిజ్యం లేనప్పుడు అది 25. సహసంబంధం +1 అయితే ఇద్దరికీ వాణిజ్యం వల్ల ఏ తేడా లేదు.

అంటే మాస్టారు చెప్పిన సహసంబంధం ఎంత తక్కువైతే కొనేవాడికి బీమా అంత గట్టిది, పండించేవాడికి అదే లెక్కన కుదుపు ఎక్కువ. మా వాణిజ్యం లెక్చరర్ చెప్పిన ఐదు దేశాల బీమా కూడా పంటలు వేర్వేరుగా పోతేనే పనిచేస్తుంది. అలాంటప్పుడే అక్కడి రైతుకి ధర ఆసరా పోతుంది. ఇది తప్పయితే చెప్పండి, ఎల్లుండే పరీక్ష.

గణితం మాస్టారు:
తప్పు లేదు. 236 అనేది 333ని రెండు వర్గమూలంతో భాగిస్తే వచ్చేదని కూడా ఒక ముక్క రాయి.

సుంకాల సుబ్బారావు:
డిమాండ్ వ్యాకోచత్వం 1 కాకుండా 0.5 అయితే? వాణిజ్యం లేనప్పుడు కరువు ఏడే రైతుకి ఎక్కువ డబ్బు వస్తుంది కదా. అప్పుడు నీ లెక్క ఎటు తిరుగుతుంది?

మూడో బెంచీ:
సుబ్బారావు గారూ, పరీక్ష అయ్యాక.