ములుగు వైపు పొలం బాటకు ఫుల్ సైజు పికప్ కావాలా, ఇక్కడ దొరికేదాన్నే సరిగ్గా తయారు చేసుకుంటే చాలా?

రేగడిబాట (హనుమకొండ)

అన్నలందరికీ నమస్తే. మా పొలం ములుగు దాటినంక వెంకటాపూర్ వైపు ఉంది. తారు రోడ్డు దిగితే నాలుగు కిలోమీటర్లు బండ్లబాట, మధ్యలో రెండు ఒర్రెలు, ఒక పాత తూము, ఆఖరి కిలోమీటరు మొత్తం నల్లరేగడి. ఇన్నేండ్లు పాత జీపుతో నెట్టుకొచ్చాం, ఇప్పుడు దాని పని అయిపోయింది. పికప్ కొనాలని ఇంట్లో అందరం ఒప్పుకున్నాం కానీ ఏ పికప్ అన్న దగ్గరే లొల్లి. డల్లాస్‌లో ఉండే మా బావ ఫోర్డ్ ఎఫ్-150 అనే ఫుల్ సైజు పికప్ నడుపుతాడు, కొంటే ఫుల్ సైజే కొను, మిగతావి బొమ్మలు అంటాడు. బాపు ఏమో బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ సరిపోతుంది, డబ్బు మిగిలితే బోరు వేసుకుందాం అంటాడు. నేను టొయోటా హైలక్స్, ఇసుజు వీ-క్రాస్ మధ్య ఊగుతున్నా.

వారానికి మూడుసార్లు ఎరువు బస్తాలు, పైపులు, మోటారు తీసుకుపోవాలి. ఏడాదికి రెండుసార్లు పిల్లలతో ఆదిలాబాద్ వైపు తిరుగుతాం. నా బడ్జెట్ ఆన్ రోడ్ 40 లక్షలు, టైర్లు, బంపరు, వించ్ (దిగబడ్డ బండిని తాడుతో లాగే మోటారు) అన్నీ అందులోనే. ఇట్లాంటి బాటల్లో నిజంగా నడిపినవాళ్లు చెప్పండి.

పరకాల బిడ్డ (టెక్సస్)

తమ్ముడూ, మీ బావ మాట పూర్తిగా కొట్టిపారేయకు. నేను పదకొండేళ్లుగా ఇక్కడ పికప్‌లే నడుపుతున్నా, ఇప్పుడున్నది ఎఫ్-150, ఎఫ్‌ఎక్స్4 అనే ఆఫ్‌రోడ్ ప్యాకేజీతో. వెనక డిఫరెన్షియల్‌కు ఎలక్ట్రానిక్ లాకర్ (వెనక రెండు చక్రాలూ కలిసి తిరిగేటట్టు పట్టేది), కింద ఇంజనుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు (ముందు వెనక ఇరుసులకు బలం పంచే పెట్టె) రాయి తగలకుండా స్కిడ్ ప్లేట్లు, ఆఫ్‌రోడ్‌కు కుదిర్చిన షాకబ్జార్లు, అన్నీ కంపెనీ నుంచే వస్తాయి, వారంటీ పోదు. బయట షాపులో ఒక్కొక్కటి తగిలించుకునే గోల ఉండదు. ఎఫ్-150లోనే ర్యాప్టర్ అనే రకం అయితే 35 అంగుళాల టైర్లతోనే షోరూం నుంచి బయటికి వస్తుంది. పెద్ద బండిలో బరువు వేసినా ఇంజను ఆయాసపడదు, వెనక సీటులో ముసలివాళ్లు కాళ్లు చాపుకుని కూర్చుంటారు. అమెరికాలో హైలక్స్ సైజు బండిని మిడ్ సైజ్ అంటారు, అది గుర్తుంచుకో.

లారీయార్డు మేస్త్రి (వరంగల్)

పరకాల అన్నా, మీరు చెప్పిన సామాను అంతా మంచిదే, కాదనను. కానీ ఆ బండి ఇక్కడికి ఎట్లా వస్తుంది? మన దగ్గర ఎఫ్-150, ర్యామ్, సిల్వరాడో, టండ్రా ఏవీ షోరూంలో అమ్మరు. దిగుమతి నిబంధన ప్రకారం కుడి స్టీరింగ్ ఉండాలి. ఆస్ట్రేలియాలో ఎఫ్-150ని తెచ్చి కుడి స్టీరింగ్‌కు మార్చి కంపెనీయే అమ్మింది, మనకు ఆ వసతి లేదు. దిగుమతి పన్ను కలిపితే తమ్ముడి 40 లక్షల్లో కథ ముగియదు. తెచ్చాక బాల్ జాయింట్ పోతే ఆ పార్టు కోసం నెలలు కూర్చోవాలి, అంతలో పత్తి ఏరే రోజులు అయిపోతాయి.

డబ్బు సంగతి పక్కన పెడదాం, కొలతలు చూద్దాం. ఎఫ్-150 అద్దాలు కాకుండానే 2.03 మీటర్ల వెడల్పు, అద్దాలతో కలిపితే 2.4 దాకా పోతుంది. నాలుగు తలుపుల బండి పొడవు 5.9 మీటర్లకు దగ్గర, రెండు ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు. హైలక్స్ వెడల్పు 1.855, ఇరుసుల మధ్య 3.085. ఈ ఆఖరి కొలత చాలామంది చూడరు. చెరువు కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు దాటుతాయి, వెనకవి ఇంకా ఎక్కలేదు, కట్ట నెత్తి వచ్చి బండి పొట్టకు తగులుతుంది. ఇరుసుల మధ్య ఎంత దూరం ఉంటే అంత తొందరగా తగులుతుంది. టెక్సస్‌లో విశాలమైన నేల, అక్కడ ఆ బండికి లోటు లేదు. మన బాట ఎడ్లబండి కొలతకు పుట్టింది.

తమ్ముడూ, ఏ షోరూంకూ పోకముందు టేపు తీసుకుని ఆ తూము దగ్గరికి పో. అన్నింటికంటే ఇరుకైన చోట ఎంత ఉందో కొలిచి ఇక్కడ రాయి.

గోదారిఒడ్డు (ఏటూరునాగారం)

నేను మీ బాపు పక్షం. క్యాంపర్ ఫోర్ వీల్ ఆరేళ్లుగా వాడుతున్నా. 75 హార్స్‌పవర్ అంతే, హైవే మీద బస్సును దాటాలంటే ఓపిక కావాలి, ఒప్పుకుంటా. కానీ సన్నటి బండి, సన్నటి టైర్లు, కమాన్ కట్టలు ఊరి కొలిమిలో కూడా సర్దుతారు, పార్టులు ములుగులోనే దొరుకుతాయి. మా వైపు వానాకాలంలో ఎర్రమట్టి బురదలో సన్న టైరే కోసుకుంటూ కిందికి దిగి గట్టి మొరాన్ని పట్టుకుంటుంది, వెడల్పు టైరు పైనే జారుతూ ఉంటుంది. పెద్ద పెద్ద బండ్లు మా ఊరి దగ్గర దిగబడితే లాగింది నేనే.

ఇంకొకటి, వించ్‌కు లక్ష దాకా పెట్టడం ఎందుకు? ప్రతి ఊళ్లో ట్రాక్టర్లు ఉన్నాయి, ఫోన్ చేస్తే పావుగంటలో వస్తారు.

టైరుగుర్తు (కరీంనగర్)

గోదారిఒడ్డు అన్నా, సన్న టైరు మాట చెల్కల్లో (ఎర్రనేలల్లో) నిజం, రేగడిలో కాదు. చెల్కలో జానెడు కింద గట్టి నేల ఉంటుంది కాబట్టి టైరు దిగి పట్టుకుంటుంది. లోతు రేగడిలో ఎంత దిగినా అదే బంక. అక్కడ దిగడం కాదు, తేలడం కావాలి. తేలాలంటే టైరు కొంచెం వెడల్పు ఉండాలి, గాలి తగ్గించాలి.

నా వీ-క్రాస్ సంగతి చెప్తా, ఎవరికైనా పనికొస్తుంది. కొన్న మొదటి ఏడు సస్పెన్షన్ రెండు అంగుళాలు లేపించా, ముందు ఇనుప బుల్ బార్, దాని మీద వించ్, పైకప్పు మీద లైట్ల బారు. అందరూ ఆగి చూసేవాళ్లు. టైర్లు మాత్రం కంపెనీవే ఉంచా, అరిగాక మారుద్దాం అనుకున్నా. ఆగస్టులో జమ్మికుంట దగ్గర చుట్టాల పత్తి చేను పక్కన ముప్పై అడుగులు కూడా పోలేదు. దిగి చూస్తే నాలుగు టైర్ల గాట్లూ రేగడితో నిండిపోయి పూత పూసినట్టు నున్నగా, ఒక్క గాడి కూడా కనపడటం లేదు. ఫోర్ లో (నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే తక్కువ గేరు) వేసినా నున్నటి చక్రాలు నాలుగూ ఒక్కచోటే తిరిగాయి, బండి ముక్కు కిందికి పోయింది. వించ్ తాడు కట్టడానికి చుట్టుపక్కల చెట్టు లేదు, చేను మధ్యలో చెట్టు ఎక్కడ ఉంటుంది? బుల్ బార్, వించ్ కలిసి వంద కిలోలకు దగ్గర ముందు ఇరుసు మీద కూర్చోబెట్టాం కాబట్టి ముందే దిగబడింది. లక్షన్నర పెట్టి నేను కొనుక్కున్నది ఆ బరువు.

తరువాత ఆల్ టెరైన్ టైర్లు (తారు మీదా మట్టిలోనూ నడిచే లోతు గాట్లవి) వేయించా, లేపిన సస్పెన్షన్ తీసేశా. అదే చేను, అదే నెల, టైర్ల గాలి 33 పీఎస్‌ఐ నుంచి 20కి తగ్గించి మెల్లగా పోతే దాటింది. దాటాక గాలి నింపుకోవడానికి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఉండాలి, తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి చీలుతుంది.

చట్టం కూడా తెలుసుకో తమ్ముడూ. బుల్ బార్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కు విరుద్ధమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. నాకు జరిమానా కంటే ఎయిర్ బ్యాగ్ భయం ఎక్కువ. ముందు గుద్దుడు సెన్సర్‌కు ఎట్లా తగలాలో కంపెనీ ఒక లెక్కతో పెడుతుంది, దాని ముందు ఇనుప గొట్టం కడితే ఆ లెక్క మారుతుంది. పిల్లలు కూర్చునే బండి.

లారీయార్డు మేస్త్రి (వరంగల్)

టైరుగుర్తు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికి వచ్చే బండ్లలో సగం ఇదే కథ. పైకి కనపడేదానికి ముందు ఖర్చు, నేలను తాకేదానికి ఆఖరి ఖర్చు. నేను ఎప్పుడూ చెప్పే వరుస ఒక్కటే, ముందు టైర్లు, తర్వాత లాగడానికి చాసిస్‌కు బోల్టు చేసిన గట్టి కొక్కేలు, తర్వాత తాడు, పార, రెండు రికవరీ బోర్డులు (దిగబడ్డ చక్రం కింద పెట్టే పలకలు), కంప్రెసర్. వీటితోనే ఏడాది నడపండి. అప్పటికీ ఏం తక్కువైందో మీకే తెలుస్తుంది, అప్పుడు అది కొనండి. బురదకే చేసిన మడ్ టెరైన్ టైర్లు మాత్రం వద్దు, నువ్వు వారానికి మూడుసార్లు హనుమకొండ నుంచి తారు మీద వచ్చేవాడివి, అవి మోత పెడతాయి, తడి తారు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది.

ట్రాక్టర్ మాటకు వస్తే, గోదారిఒడ్డు అన్నా, పిలవడం మంచిదే, కట్టేదే తప్పు కడుతున్నారు. రెండేళ్ల కింద నా కళ్ల ముందు జరిగింది. దిగబడ్డ పికప్‌కు తాడు కట్టి ఇంకో కొస ట్రాక్టర్ సీటు వెనక పైన ఉండే టాప్ లింకు దగ్గర కట్టారు. డ్రైవర్ క్లచ్ వదలగానే ట్రాక్టర్ ముందు చక్రాలు మనిషి నడుము ఎత్తుకు లేచాయి. ఆ పిల్లగాడు క్లచ్ తొక్కాడు కాబట్టి బతికాడు, ఇంకో క్షణం అయితే ట్రాక్టర్ అతని మీదికే తిరగబడేది. ఎప్పుడైనా ట్రాక్టర్ వెనక కింద ఉండే లాగుడు కడ్డీకే, అంటే డ్రాబార్‌కే కట్టాలి, ఇరుసు కంటే కిందనే లాగాలి. పికప్ వైపు కూడా బంపరుకు కట్టొద్దు, ట్రాలీ తగిలించే గుండుకు అసలే కట్టొద్దు, అది తెగి వస్తే తూటాతో సమానం. లాగేటప్పుడు తాడు దరిదాపుల్లో ఒక్క మనిషి కూడా నిలబడకూడదు. మన దగ్గర ఊరంతా చుట్టూ చేరుతుంది, ముందు వాళ్లను జరపండి.

పరకాల బిడ్డ (టెక్సస్)

మేస్త్రి అన్నా, కొలతల సంగతి ఒప్పుకుంటున్నా, కట్ట నెత్తి పొట్టకు తగిలే విషయం నేను ఆలోచించలేదు. కానీ లాకర్ విషయంలో మాత్రం పట్టు వదలను. మామూలు డిఫరెన్షియల్ ఉంటే ఒక చక్రం గాలిలో లేచినా, జారినా అదే గిర్రున తిరుగుతుంది, రెండో చక్రం ఊరికే ఉంటుంది. ఒర్రె దిగేటప్పుడు బండి అడ్డంగా వంగి ఒక కాలు లేస్తుంది కదా, అక్కడ వెనక లాకర్ నొక్కితే బండి నడిచిపోతుంది. తరువాత వేయించుకోవాలంటే హౌసింగ్ మొత్తం విప్పాలి. కాబట్టి కంపెనీ నుంచి లాకర్ వచ్చే బండే తీసుకోమని నా మాట.

లారీయార్డు మేస్త్రి (వరంగల్)

ఇది మంచి మాట, దీనికి నేనూ ఓటు వేస్తా. హైలక్స్‌కు వెనక లాకర్ కంపెనీదే వస్తుంది. వాడేటప్పుడు మాత్రం సూటిగా, మెల్లగా పోతూ వాడాలి, స్టీరింగ్ తిప్పేటప్పుడు తీసేయాలి. ఫోర్ హై (నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే మామూలు గేరు) కూడా అంతే, ఎండిన తారు మీద వేసి తిప్పితే ముందు వెనక ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది.

ఇంకో సంగతి. ఖాళీ పికప్ వెనక భాగం తేలిక, బస్తాలు దించి వచ్చేటప్పుడు తడి రోడ్డు మీద కూడా వెనక చక్రాలు జారతాయి. వెనక ఇరుసు మీద నూరు కిలోల ఇసుక బస్తాలు వేసి, జరగకుండా కట్టుకో. ప్రైవేటు నంబరు మీద వచ్చే హైలక్స్, వీ-క్రాస్‌లు టన్ను మోయడానికి కాదు, ఆర్‌సీలో ఉన్న బరువు చూసి ఎక్కించు. రోజూ టన్ను ఉంటే పసుపు పచ్చ నంబరు బండే సరైనది, అక్కడ మీ బాపు గెలుస్తాడు.

గోదారిఒడ్డు (ఏటూరునాగారం)

డ్రాబార్ సంగతి ఈ రోజే మా తమ్ముళ్లకు చెప్తా అన్నా. మేం కూడా పైనే కడుతున్నాం.

వాగుల గురించి ఒక మాట. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీళ్లలో పోతుందని కంపెనీ చెప్తుంది, అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. ఆ లెక్క నిలకడ నీళ్లకు, పారే నీళ్లకు కాదు. 2023 జూలై 27న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్ల పైన వాన పడింది, జంపన్నవాగు కొండాయిని ముంచింది, మనుషులు పోయారు, అటు మోరంచపల్లి మునిగింది. మా ఇంటి గోడ మీద ఆ నీటి మరక ఇంకా ఉంది, మనిషి ఛాతి ఎత్తున. పారే నీళ్లు మోకాలు దాటితే ఫోర్ వీల్ అయినా ఏదైనా ఆగి తిరిగిపో. స్నార్కెల్ ఇంజనులోకి నీళ్లు పోకుండా చూస్తుంది, బండి కొట్టుకుపోకుండా ఆపదు. ఒకవేళ ఇంజను నీళ్లలో ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్‌లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

అట్లాగే తాడ్వాయి అడవి లోపల, కవ్వాల్ పులుల అడవిలో అనుమతి లేకుండా బాట దిగి నడపొద్దు, కేసు అవుతుంది, జంతువులు కూడా బెదురుతాయి.

రేగడిబాట (హనుమకొండ)

అందరికీ దండాలు. నిన్న ఆదివారం బాపు, నేను టేపుతో పోయాం. ఇరుకైన చోటు తూము మీదనే, రెండు పక్కలా పాత రాతి గోడలు, మధ్యలో 2.30 మీటర్లు. లెక్క వేస్తే ఎఫ్-150కి పక్కకు 13 సెంటీమీటర్లు మిగులుతాయి, అద్దాలు మడవాల్సిందే. హైలక్స్‌కు 22. క్యాంపర్‌కు 31. ఫొటో తీసి బావకు పంపితే గంట తర్వాత ఫోన్ చేసి, మీ గోడలు పడగొట్టే బండి కొనమని చెప్పలేను, లాకర్ ఉన్నది తీసుకో చాలు అన్నాడు.

బాపు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన గడ్డపార తీసుకుని బాట మీద నాలుగు చోట్ల గుచ్చి చూశాడు. మొదటి మూడు కిలోమీటర్లు జానెడు కింద మొరం తగిలింది, ఆఖరి కిలోమీటరులో గడ్డపార మూరన్నర దిగినా మెత్తగానే ఉంది. అంటే గోదారిఒడ్డు అన్న, టైరుగుర్తు అన్న ఇద్దరి మాటా మా బాటలోనే ఉంది. ఆ ఆఖరి కిలోమీటరుకు రెండు పక్కలా కందకం తీసి మొరం పోయిస్తే ఎంత అవుతుందో బాపు ట్రాక్టర్ వాళ్లను అడుగుతున్నాడు. లెక్క వచ్చాక, బుల్ బార్, వించ్‌లకు అనుకున్న డబ్బు మొరానికి పెట్టి, లాకర్ ఉన్న హైలక్స్‌కు ఆల్ టెరైన్ టైర్లు వేయిద్దాం అని నేను అంటున్నా.

మేస్త్రి అన్నా, టైరు సైజు కంపెనీది 265/60 ఆర్18 అట. అదే సైజులో ఆల్ టెరైన్ వేయించమంటారా? కొక్కేలు మీ దగ్గర బిగిస్తారా? వచ్చే వారం బండి చూడటానికి పోతున్నాం, బాపు కూడా వస్తున్నాడు.

లారీయార్డు మేస్త్రి (వరంగల్)

అదే సైజు, ఒక్క నంబరు కూడా మార్చొద్దు, స్పేర్‌తో కలిపి ఐదు. స్పేర్ మామూలుది ఉంటే ఫోర్ వీల్‌లో తేడా కొడుతుంది. కొక్కేలు బిగిస్తా, చాసిస్‌లో కంపెనీ ఇచ్చిన రంధ్రాలకే, కొత్త రంధ్రం వేయను, వెల్డింగ్ చేయను. మొరం పోసేది ఉంటే వానలకు ముందే పోయించండి, కందకం తవ్విన మట్టి బాట వైపు వేయొద్దని ట్రాక్టర్ వాళ్లకు చెప్పండి, అదంతా రేగడే.