శ్రీశైలం ఘాట్‌ల వాంతులు: ఏ గోలి, ఎప్పుడు వేయాలె?

ప్రశ్న (హన్మకొండ)
కారుల శ్రీశైలం పోతున్నం, పొద్దుగాల 5కు బయల్దేరుతం. బాబుకు ఏడేండ్లు, బండెక్కితే కక్కుడే. అమ్మకు 64, కంటి ప్రెషర్‌కు చుక్కలు వేసుకుంటది, ఆమెకు గూడ బండి పడదు. మెడికల్ షాపుల ఒండాన్‌సెట్రాన్ ఇచ్చిన్రు. పోయినసారి బాబుకు అది పనిచేయలే. ఏది, ఎంత వేయాలె?

జవాబు (ఫార్మసిస్టు)
ఒండాన్‌సెట్రాన్ సెరటోనిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది, అందుకే క్యాన్సర్ కీమో, కడుపు ఇన్ఫెక్షన్ వాంతులకు బాగుంటుంది. ప్రయాణపు వాంతులు లోపలి చెవి నుంచి మొదలవుతాయి. కన్ను ముందు సీటును చూసి కదలడం లేదంటుంది, చెవి మలుపు తిరిగామంటుంది. ఆ కబురు మెదడులో నడిచే దారిలో పని హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాలది. కాబట్టి హిస్టమిన్‌ను అడ్డుకునే మందు (యాంటీహిస్టమిన్) కావాలి. డోంపెరిడోన్ అనే వాంతుల మందు కూడా దీనికి దండుగే.

అలాంటి మందే అవోమిన్ (ప్రోమెథజిన్). బాబుకు 25 మి.గ్రా. గోలిలో సగం. 5 నుంచి 10 ఏండ్ల వరకు సగం, ఆపైన ఒకటి. దూర ప్రయాణమైతే ముందు రోజు రాత్రి పడుకునేటప్పుడు వేయాలి, దగ్గరి ప్రయాణానికి గంట, రెండు గంటల ముందు. మీకు రాత్రి మోతాదే సరిపోతుంది. జలుబు సిరప్ తాగుతుంటే మాత్రం కలిపి ఇవ్వొద్దు. వాటిలో చాలావరకు క్లోర్‌ఫెనిరమిన్ అనే మరో యాంటీహిస్టమిన్ ఉంటుంది, మత్తు మీద మత్తు. రెండేండ్ల లోపు పిల్లలకు ఈ మందు అసలు వద్దు, శ్వాస మందగించే ప్రమాదం ఉంది.

అమ్మగారికి మీ అంతట మీరు వేయకండి. నీటికాసుల్లో (గ్లకోమా) కంట్లో నీరు బయటికి పోయే కోణం మూసుకుపోయే రకమైతే ఈ మందుతో కంటి ప్రెషర్ ఒక్కసారిగా పెరగొచ్చు. ఆమెది ఏ రకమో కంటి డాక్టర్‌ను ఒక్క మాట అడగండి.

ప్రశ్న (హన్మకొండ)
డోకు మొదలైనంక వేస్తే పనిచేయదా అన్నా?

జవాబు (ఫార్మసిస్టు)
చేయదు. వికారం మొదలైతే కడుపు కిందికి వదలడం మందగిస్తుంది. గోలి అక్కడే ఉండిపోతుంది, లేదా వాంతిలో బయటికొస్తుంది.

జవాబు (ట్రావెల్స్ డ్రైవర్)
అమ్మను ముందు సీట్ల కూసోబెట్టున్రి, అద్దంల నుంచి దూరం రోడ్డు చూడమనున్రి. బాబును వెనుక నడిమి సీట్ల, కింద ఎత్తు పెట్టి, రోడ్డు కనవడేటట్టు, బెల్టు పెట్టి. ఫోన్ చేతికియ్యద్దు, సగం వాంతులు దానితోనే. పొద్దుగాల రెండు ఇడ్లీలు చాలు. పూరీ, పాలు వద్దు, ఉత్త కడుపు గూడ వద్దు. దోమలపెంట కాడ పది నిమిషాలు దిగి నడవున్రి, అక్కడి నుంచి డ్యామ్ దాక మలుపులే. తల సీటుకు ఆనిచ్చి కదలకుండ ఉంచాలె, కిటికీ అద్దం దించాలె. కార్ల పర్‌ఫ్యూమ్ డబ్బా ఉంటే ఇంటికాడనే తీసెయ్యున్రి.

జవాబు (ఫార్మసిస్టు)
కంటి డాక్టర్ అవోమిన్ వద్దంటే అమ్మగారికి శొంఠి పొడి ఒక గ్రాము, బయల్దేరే అరగంట ముందు గోరువెచ్చని నీళ్లలో. కొందరికి బాగా పనిచేస్తుంది, అందరికీ కాదు. రక్తం పలచబడే మందు వాడుతుంటే అదీ అడిగే వేయాలి. తిరుగు ప్రయాణం మర్నాడైతే బాబుకు ఆ రాత్రి మళ్లీ సగం గోలి. బండి నడిపేవాళ్లు మాత్రం అవోమిన్ ముట్టొద్దు, మరునాడు పొద్దున కూడా నిద్రమత్తు ఉంటుంది.