లంబసింగి ఘాట్‌లో కారు ఆగిపోతే ఇంజిన్ ఆన్‌లో ఉంచాలా, ఆపేయాలా?

మధురవాడ నాన్న:
పోయిన శనివారం రాత్రి లంబసింగి బయల్దేరాం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక ముందు ఒక లారీ అడ్డంగా నిలిచిపోయింది. మూడు గంటలు కదల్లేదు. బానెట్ కూడా కనపడనంత పొగమంచు. వైజాగ్‌లో డిసెంబర్‌లోనూ ఫ్యాన్ వేసుకునే వాళ్లం కదా, ఒక్క రగ్గు కూడా తెచ్చుకోలేదు. పిల్లలిద్దరూ వణికిపోతున్నారని అద్దాలు మూసి హీటర్ వేశాను. బావ ఇంజిన్ ఆపేయమని గట్టిగా పట్టుబట్టాడు. ఇంటికొచ్చాక కూడా ఆ గొడవ తెగలేదు. ఎవరిది కరెక్టండీ?

గాజువాక మెకానిక్:
మీ బావగారిదేనండి. హీటర్‌తో ప్రమాదం లేదు, అది ఇంజిన్ వేడినే లోపలికి పంపుతుంది. భయమంతా పొగతోనే. నా దగ్గరకొచ్చే పాత బళ్లలో సైలెన్సర్ జాయింట్ చుట్టూ నల్లటి మసి కనపడుతుంటుంది. అంటే అక్కడ లీకవుతున్నట్టే. బండి పరిగెడుతుంటే ఆ పొగ గాలికి వెనక్కి పోతుంది, నిలబడితే కారు కిందే పేరుకుంటుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు. తల నొప్పి, వికారం, మగత వస్తాయి. మనం నిద్ర వస్తోందనుకుంటాం.

సీతమ్మధార అమ్మ:
మా అబ్బాయి కెనడాలో ఉంటాడు. మంచులో ఇరుక్కుంటే గంటకు పది నిమిషాలే ఇంజిన్ వేయాలని, అదీ దిగి సైలెన్సర్ చుట్టూ మంచు తీశాకేనని చెబుతాడు. గాలి కొట్టని వైపు అద్దం కొంచెం దించాలట. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీ అనే కొండ ఊరి దగ్గర మంచులో కార్లు ఇరుక్కుని ఇరవై మందికి పైగా చనిపోయారు, గుర్తుందా? కార్లలోకి చేరిన విషవాయువు కూడా ఒక కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. పిల్లలు కూడా ఉన్నారు. ఆ వార్త చదివి నేను రెండు రోజులు సరిగ్గా తినలేకపోయాను.

మధురవాడ నాన్న:
అమ్మా, అక్కడ మంచు సైలెన్సర్‌ని మూసేస్తుంది. మన దగ్గర మంచు పడదు, పొగమంచే కదా. అక్కడి రూల్ ఇక్కడికి ఎందుకు?

గాజువాక మెకానిక్:
మంచు లేదు నిజమే. కానీ ఒక పక్క కొండ, గాలి ఆడని రాత్రి, ముందూ వెనకా ఇంజిన్లు ఆపని బళ్లు. మీ బండి కొత్తదైనా ముందు బండి పొగ మీ కారులోకి రావచ్చు. హీటర్ వేసుకుని నిద్రపోవడమే అన్నిటికంటే పెద్ద తప్పు.

పాడేరు టీచర్:
ఇక్కడ 5 డిగ్రీలకు దిగే రాత్రులుంటాయి. దుప్పట్లు, మంకీ క్యాప్‌లు, పొడి సాక్సులు ఉంటే రెండు మూడు గంటలు ఇంజిన్ లేకుండానే గడుస్తాయి. పిల్లల్ని మధ్యలో కూర్చోబెట్టి అందరూ ఒకే రగ్గు కప్పుకోవాలి. సాయం కోసం పొగమంచులో నడిచి వెళ్లకండి, లోయ అంచు కనపడదు. కుంపటి, బొగ్గులు కారులో పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. నన్నడిగితే మన ఘాట్‌లో చలికంటే వెనక నుంచి గుద్దే బండికే ఎక్కువ భయపడాలి. హజార్డ్ లైట్లు వేయండి. బండి మలుపులో ఆగిపోతే పిల్లల్ని దింపి కొండ వైపు, బండికి దూరంగా నిలబెట్టండి.

మధురవాడ నాన్న:
బావకి ఫోన్ చేసి సారీ చెప్పాను. ఆదివారం సైలెన్సర్ చూపిస్తాను, డిక్కీలో రెండు రగ్గులు పెట్టేశాను. ఒక్కటి మాత్రం ఒప్పుకోలేను. రగ్గు కప్పినా పిల్లలు వణుకుతుంటే పది నిమిషాల లెక్క చూడను, మెలకువగా కూర్చుని ఇంజిన్ వేస్తాను.

గాజువాక మెకానిక్:
తండ్రిగా మీ బాధ అర్థమవుతుందండీ. వేసేముందు ఒక్కసారి దిగి వెనక చూడండి. పొగ గొట్టం గట్టుకో పొదలకో ఆనుకుని ఉంటే పొగంతా కారు కిందకే తిరిగొస్తుంది. బండి రెండడుగులు ముందుకు జరిపి, అద్దం బొటనవేలంత దించి, అప్పుడు వేయండి. ఎవరికైనా తల నొప్పి అనిపిస్తే మాత్రం వెంటనే ఆపి, తలుపులు తీసి అందరూ బయటికి రావాలి.