గెంతే సాలీడు కళ్ళు షార్ప్‌గా రావట్లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న:
మా పెరట్లో కరివేపాకు చెట్టు మీద గెంతే సాలీళ్ళు బోలెడున్నాయండి, చిటికెనవేలి గోరంత కూడా ఉండవు. కెమెరాకి పాత 50 ఎంఎం లెన్స్‌ని రివర్స్ రింగ్‌తో (లెన్స్‌ని వెనకముందు తగిలించే రింగ్) తిప్పి పెట్టి వారం నుంచి తీస్తున్నా, కళ్ళు వస్తే కాళ్ళు మసక, కాళ్ళు వస్తే కళ్ళు పోతున్నాయి. మాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర్నించి పెద్దగా తీసేది) కొనాల్సిందేనా?

జవాబు 1:
ఇప్పుడే కొనకండి. అంత దగ్గర్లో ఫోకస్‌లో ఉండేది మిల్లీమీటరు కూడా ఉండదు, ఏ లెన్స్ అయినా అంతే. లెన్స్ మీద అపర్చర్ రింగ్ (వెలుతురొచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసేది) ఉంటే ఎఫ్ 11కి తిప్పండి, రంధ్రం చిన్నదై ఫోకస్ కాస్త లోతుగా వస్తుంది. షట్టర్ వేగం 1/200 సెకను, ఐఎస్ఓ (కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి) 200, ఫ్లాష్ ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టండి, లేదంటే ఆ గుండ్రటి కళ్ళల్లో తెల్ల చుక్కలు పడతాయి. ఫోకస్ రింగ్ ముట్టుకోకుండా మీరే మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగుతూ నొక్కుతూ ఉండండి. ఎనిమిది కళ్ళల్లో ముందున్న రెండు పెద్దవి షార్ప్‌గా వస్తే చాలు, మిగతాది మసకైనా బావుంటుంది.

జవాబు 2:
తెల్లారి చలిగా ఉన్నప్పుడు వెళ్ళండి, పురుగులు పెద్దగా కదలవు. కొంతమంది ఫ్రిజ్‌లో పెట్టి తీస్తారు, దయచేసి ఆ పని మాత్రం చెయ్యొద్దు, ప్రాణమండీ అది.

జవాబు 3:
మామిడి చెట్టుంటే ఎర్ర చీమల్ని కూడా ఓ కన్నేసి చూడండి. వాటిలో అచ్చం చీమలా ఉండే సాలీడు దొరకొచ్చు, ముందు కాళ్ళు మీసాల్లా పైకెత్తి నడుస్తుంది. కాళ్ళు లెక్కపెడితే ఎనిమిది!

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, పొద్దున ఆరింటికే వెళ్ళా, ఊగుతూ అరవై తీస్తే రెండిట్లో కళ్ళు వచ్చాయి, కనురెప్పల్లాంటి వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి!