ల్యాబ్ వజ్రం అసలు వజ్రమేనా? పెళ్ళికి కొనొచ్చా?

గుంటూరు_అక్క:
చెల్లి పెళ్ళికి ఏడు రాళ్ళ వజ్రాల దిద్దులు తీసుకోవాలి. అదే సైజులో ల్యాబ్ రాళ్ళు బాగా తక్కువకి వస్తున్నాయి. అమ్మేమో “ఫ్యాక్టరీ రాళ్ళు పెట్టి పిల్లని అత్తారింటికి పంపుతామా?” అని ఒకటే గొడవ. తెలిసినవాళ్ళు చెప్పండి, అది వజ్రమేనా కాదా?

బందరు_బాబాయి:
మాది నగల కొట్టే. వద్దమ్మా, నకిలీ నకిలీయే. డి బీర్స్ అంతటి వజ్రాల కంపెనీ 2018లో లైట్‌బాక్స్ పేరుతో ల్యాబ్ వజ్రాలు క్యారట్ 800 డాలర్లకి మొదలుపెట్టి, 2025లో మూసేస్తున్నామని ప్రకటించింది. ధరలు అంతలా పడిపోయాయి. రేపు అవసరమొచ్చి అమ్మబోతే ఎవరూ ముట్టరు.

కెమిస్ట్రీ_మాస్టారు:
ధర సంగతి ఒప్పుకుంటాను బాబాయి గారూ, ‘నకిలీ’ అంటే మాత్రం ఒప్పుకోను. నకిలీ అంటే అమెరికన్ డైమండ్. అది జిర్కోనియా, అందులో కర్బనమే ఉండదు. మీ కొట్లో టెస్టర్ పెన్ను ఉంటుందిగా, రాయి వేడిని ఎంత త్వరగా లాగేస్తుందో చూసేది. దానికి అమెరికన్ డైమండ్ దొరికిపోతుంది, ల్యాబ్ వజ్రం దొరకదు. ఎందుకంటే అదీ వజ్రమే.

పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటూ కర్బనమే, వజ్రమూ కర్బనమే. గ్రాఫైట్‌లో ఒక్కో పరమాణువు మూడింటితో ముడిపడి పొరలుగా ఉంటుంది. ఆ పొరలు జారబట్టే కాగితం మీద గీత పడుతుంది. వజ్రంలో నాలుగు వైపులా బిగుసుకుని ఉంటుంది. ల్యాబ్ వజ్రాలు పెంచే పద్ధతుల్లో సీవీడీ ఒకటి, వాయువులోంచి కర్బనాన్ని పొరలుగా పేర్చడమన్నమాట. అందులో ఒక పల్చటి వజ్రపు పలకని గదిలో పెట్టి, హైడ్రోజన్‌లో కొద్దిగా మీథేన్ కలిపి పంపి, మైక్రోవేవ్‌తో ప్లాస్మా, అంటే విద్యుదావేశం ఉన్న వాయువుగా చేస్తారు. పలక 800 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మీథేన్ విరిగి కర్బనం దాని మీద పేరుకుంటుంది. మధ్యలో గ్రాఫైట్‌గా మారబోయేదాన్ని హైడ్రోజన్ ఎప్పటికప్పుడు తినేస్తుంది. మిగిలేది వజ్రమే. నాకైతే ఇదే అసలు వింత, క్యారట్లూ సర్టిఫికెట్లూ కాదు.

తుగ్గలి_కుర్రాడు:
మాస్టారూ, సైన్స్ సరే. మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలొంచుకుని తిరుగుతుంటారు. ఒక్క రాయి దొరికితే ఆ ఇంటి రాత మారిపోతుంది. వజ్రాల్ని భూగర్భం నుంచి పైకి మోసుకొచ్చిన రాయిని కింబర్లైట్ అంటారు, మా వజ్రకరూరు కింబర్లైట్ సుమారు 110 కోట్ల ఏళ్ళ నాటిది. కొల్లూరు, గోల్కొండ పేర్లు ప్రపంచమంతా మోగింది దేనివల్ల? కొన్ని వారాల్లో యంత్రంలో పెరిగినదాన్ని దాని పక్కన ఎలా పెడతారు?

కెమిస్ట్రీ_మాస్టారు:
బాగా అడిగావు తమ్ముడూ. గోల్కొండ వజ్రాలు అంత స్వచ్ఛంగా ఉండటానికి కారణం వాటిలో నైట్రోజన్ దాదాపు లేకపోవడం. వాటిని టైప్ 2ఏ అంటారు. గనుల్లో దొరికే రాళ్ళలో ఇవి నూటికి ఒకటో రెండో. సీవీడీ రాళ్ళు ఎక్కువగా ఇదే రకం. అందుకే ల్యాబ్ రాళ్ళని పట్టుకునే కొన్ని యంత్రాలు టైప్ 2ఏ కనబడగానే అనుమానంతో పక్కన పెడతాయి. గోల్కొండ రాయినే తెచ్చి పెట్టినా మళ్ళీ పరీక్ష చేయించుకోవాల్సిందే!

చీమకుర్తి_శ్రీను:
ఫ్యాక్టరీ వజ్రం అంటే మరీ అంత చులకనా? అది లేకపోతే మా క్వారీల్లో గ్రానైట్ బండ కదలదు. కోసే వైరుకి వరసగా పూసలుంటాయి, వాటి నిండా ల్యాబ్ వజ్రపు రవ్వలే. నీళ్ళు పోస్తూ కోస్తారు, లేకపోతే వేడికి పూసలు పాడైపోతాయి. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1955లో ల్యాబ్ వజ్రం చేశామని చెప్పినప్పటి నుంచీ ఇలాంటి పనులకే ఎక్కువగా వాడుతున్నారు. నగల్లోకి జోరుగా వచ్చింది ఈమధ్యే.

గుంటూరు_అక్క:
బాబాయి గారూ, సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. గని రాయి తిరిగి ఇస్తే మీరు పూర్తి ధర ఇస్తారా?

బందరు_బాబాయి:
పూర్తిగా ఎవరిస్తారమ్మా? మేం అమ్మిందైతే బిల్లు చూసి కొంత కోసుకుని ఇస్తాం. బయటి రాయైతే ఇంకా తక్కువ. అయినా ఎంతో కొంత వస్తుందిగా, ల్యాబ్ రాయికి ఆ గ్యారంటీ కూడా లేదు.

గుంటూరు_అక్క:
మా ఇంట్లో దిద్దులు అమ్మే మాటెత్తితే అమ్మ ఇల్లు పీకి పందిరేస్తుంది. కాబట్టి ల్యాబ్‌వే తీసుకుని, మిగిలిన డబ్బుకి చెల్లికి గాజులు చేయిద్దామనుకుంటున్నా. అమ్మని ఒప్పించడం ఇంకా మిగిలే ఉంది.

బందరు_బాబాయి:
నీ ఇష్టం తల్లీ. అయితే బిల్లు మీద ‘ల్యాబ్ గ్రోన్’ అని స్పష్టంగా రాయించుకో. పెద్ద రాయైతే నడుము అంచున సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది, భూతద్దంలో చూపించమను. దిద్దుల్లో చిన్న రాళ్ళకి అది మామూలుగా ఉండదు, అందుకని బిల్లే దిక్కు.